ఐజాక్ వెయ్యని బ్రేకు

ఐజాక్ ఎవరి మాటా ఒక్కసారికి నమ్మే మనిషి కాదు. మెకానిక్ చక్రం నట్లు బిగించి చేతులు తుడుచుకునేలోపే తను మళ్ళీ పానా తీసుకుని ఒక్కో నట్టూ తిప్పి చూస్తాడు. బంకులో మీటరు సున్నా మీదే ఉందని చెబితే కిందికి దిగి కళ్ళారా చూసిగానీ డీజిలు పోయించుకోడు. ఇంట్లో అయినా అంతే. భార్య ఏసమ్మ గ్యాసు కట్టేశానంటే, వంటింట్లోకి వెళ్ళి రెగ్యులేటరు మీద చెయ్యి వేసి వస్తాడు.

"నా మీద కూడా అనుమానమేనా అండీ?" అని ఆవిడ పెళ్ళయినప్పటినుంచీ అడుగుతూనే ఉంది.

"నీ మీద కాదే, ఆ రెగ్యులేటరు మీద" అని అతనూ అప్పటినుంచీ చెబుతూనే ఉన్నాడు.

ఈ గుణం పుట్టుకతో వచ్చింది కాదు. ఐజాక్‌ది మండపేట దగ్గర ఒక పల్లె. తండ్రి అబ్రహాము పొలం పనులకు వెళ్ళేవాడు, ఆదివారాలు లూథరన్ చర్చిలో గంట కొట్టేవాడు. ఐజాక్ పదో తరగతి తప్పి రైస్ మిల్లులో ట్రాక్టరు మీద చేరాడు, అక్కడినుంచి లారీ మీదికి వెళ్ళాడు. ఇరవై నాలుగేళ్ళ వయసులో ఒక యజమాని "బ్రేకులు చేయించాను, పట్టుకెళ్ళు" అంటే పట్టుకెళ్ళాడు. సామర్లకోట దాటాక బ్రేకు అందలేదు. ఊకబస్తాల లారీ కాలవలోకి దిగిపోయింది. ఐజాక్‌కు గీతలే పడ్డాయిగానీ, పక్కన కూర్చున్న పెద్దాయనకు తొడ ఎముక విరిగింది. ఆయన మరి కర్ర లేకుండా నడవలేదు. యజమాని అబద్ధమాడలేదు. అతనికి మెకానిక్ చెప్పాడు, ఆ మెకానిక్‌కు ఇంకో మెకానిక్ చెప్పాడు. ఎవరూ తొక్కి చూడలేదు. ఆ తర్వాత ఐజాక్ ఇరవై ఎనిమిదేళ్ళు లారీ నడిపాడు. ఒక్క ప్రమాదం లేదు.

నిరుడు ఎండాకాలం చివర్లో ఒక సరుకు రవాణా కంపెనీ రాజమండ్రి పక్కన దివాన్‌చెరువులో యార్డు తీసుకుని కొత్త ప్రయోగం మొదలుపెట్టింది. మూడు లారీలు ఒకదాని వెనక ఒకటి, మధ్యలో పదిహేను మీటర్ల ఎడంతో, గంటకు అరవై కిలోమీటర్ల వేగంతో తుని దాకా వెళ్ళి రావాలి. మొదటి లారీని మనిషి నడుపుతాడు. వెనక రెండింట్లోనూ డ్రైవర్లు ఉంటారుగానీ మామూలుగా స్టీరింగు పట్టుకోరు, పెడలు తొక్కరు. ముందు లారీ తన వేగం ఎంతో, బ్రేకు వేసిందో లేదో సెకనుకు పదిసార్లు రేడియోలో చెబుతూ ఉంటుంది. వెనకవి విని అలాగే చేస్తాయి. ముందు బండి గాలిని చీల్చుకుంటూ పోతే వెనక బండ్లకు డీజిలు కలిసొస్తుందట. ఇంజనీర్లు దాన్ని ప్లటూన్ అన్నారు. డ్రైవర్లు గొలుసు అన్నారు.

మంచి రికార్డు ఉన్న డ్రైవరు కావాలని వెతికి ముందు లారీకి ఐజాక్‌ను తీసుకున్నారు. రెండో లారీకి శ్యాంబాబు, మూడో లారీకి దొరబాబు. శ్యాంబాబుది రాజానగరం. ఐజాక్‌తో పంతొమ్మిదేళ్ళ స్నేహం. ఒకే కంపెనీల్లో తిరిగారు, ఒకే క్యారేజీలో తిన్నారు. ఐజాక్‌ను అన్నయ్యా అని పిలుస్తాడు. దొరబాబు పెద్దాపురం వైపు రైతుబిడ్డ, మాటకారి.

శిక్షణ ఇచ్చింది ఆశాజ్యోతి. కాకినాడలో ఇంజనీరింగు చదివి, మూడేళ్ళు బెంగుళూరులో పనిచేసి వచ్చిన అమ్మాయి. మొదటి రోజే ఐజాక్ ఆమెను ప్రశ్నలతో చంపేశాడు.

"నేను బ్రేకు వేస్తే వెనక బండికి ఎలా తెలుస్తుందమ్మా?"

"రేడియోలో మీ బండి చెబుతుందండి."

"నా బండే చెప్పిందని దానికెలా తెలుసు? దారిన పోయేవాడు ఎవడైనా నా గొంతుతో చెబితే?"

ఆశాజ్యోతి నవ్వింది. "ప్రతి మాట మీదా మీ బండి ముద్ర ఒకటి ఉంటుందండి. రహస్య సంకేతం. అది లేకపోతే వెనక బండి ఆ మాట పట్టించుకోదు. ముద్రను బయటివాళ్ళు కాపీ కొట్టలేరు."

"వెనక బండికి కళ్ళు లేవా?"

"రాడార్ ఉందండి. కానీ వంతెనలు, రెయిలింగులు చూసి ఊరికే ఉలిక్కిపడుతోందని దాని మాటకు విలువ తగ్గించాం. ముందు బండి మాటకే ఎక్కువ విలువ."

ఐజాక్ తల ఊపాడుగానీ ఒప్పుకున్నట్టు కాదు. తర్వాత డ్యాష్‌బోర్డు కింద తల పెట్టి తీగలన్నీ చూశాడు. అగ్గిపెట్టె కన్నా కాస్త పెద్దదిగా ఉన్న నల్లపెట్టె కనిపించి, అదేంటని అడిగాడు. మేనేజరు యుగంధర్ విసుగ్గా, "బండి ఎక్కడుందో ఆఫీసుకు చెప్పే ట్రాకరండి ఐజాక్ గారూ. మన కంపెనీ బండ్లన్నిటికీ ఉంటుంది. బ్రేకుకూ దానికీ సంబంధం లేదు" అన్నాడు. ఐజాక్ ఊరుకున్నాడు.

నలభై రోజులు బండ్లు చక్కగా నడిచాయి. సరుకు బదులు ఇసుక బస్తాలు వేసుకుని పొద్దున తొమ్మిదింటికి బయల్దేరి, మధ్యాహ్నం మూడుకల్లా వచ్చేసేవారు. ఒకరోజు గండేపల్లి దగ్గర తిన్నని రోడ్డు మీద ఐజాక్ మామూలుగా పోతున్నాడు. అద్దంలోకి చూస్తే వెనక శ్యాంబాబు లారీ లేదు. పక్కకు తీసి ఆపి దిగి చూస్తే, రెండు లారీలూ రెండు వందల మీటర్ల వెనక రోడ్డు మధ్యలో నిలబడిపోయి ఉన్నాయి. టైర్ల కింద నల్లటి చారలు. వాటి వెనక ఒక బస్సు అడ్డదిడ్డంగా ఆగి ఉంది, జనం దిగి అరుస్తున్నారు. దొరబాబు బెల్టు వదులుగా పెట్టుకున్నాడేమో, స్టీరింగుకు మూతి కొట్టుకుని ముందు పన్ను విరిగింది. చొక్కా నిండా రక్తం.

శ్యాంబాబు పరిగెత్తుకొచ్చాడు. "ఏంటన్నయ్యా, అంత గట్టిగా బ్రేకేశావు? ఏమడ్డొచ్చింది?"

"నేనెక్కడ వేశాన్రా? నేను ఆగకుండానే పోయాను కదా."

"స్క్రీను మీద వచ్చింది. ముందు బండి గట్టి బ్రేకు అని ఎర్రగా వచ్చింది."

ఆ సాయంత్రమే యార్డులో కంప్యూటరు తెరిచి చూశారు. తొమ్మిది గంటల ముప్ఫై ఏడు నిమిషాలకు మొదటి లారీ గట్టి బ్రేకు వేసినట్టు సందేశం పంపింది. దాని మీద మొదటి లారీ ముద్ర ఉంది.

"మీ బండే చెప్పిందండి" అన్నాడు యుగంధర్.

"నా కాలు చెప్పలేదు కదండీ."

"పొరపాటున తగిలి ఉంటుంది. తగిలీ తగలగానే తీసేసి ఉంటారు."

ఎనిమిది రోజుల తర్వాత కత్తిపూడి దగ్గర మళ్ళీ అలాగే జరిగింది. ఈసారి వెనక ఎవరూ లేరు కాబట్టి బతికిపోయారు. ఐజాక్ పెడలు తాకలేదు. కంప్యూటరులో మాత్రం మళ్ళీ అదే ముద్ర, అదే మాట.

ఇక మనుషుల చూపులు మారాయి. అంతకు ముందు టీ కొట్టు దగ్గర ఐజాక్ ఒక మాట అని ఉన్నాడు. "ఇవాళ వెనకవాళ్ళు కాలు కదపక్కర్లేదంటున్నారు. రేపు ముందువాడు కూడా అక్కర్లేదంటారు. మన పనులు పోయేది దీంతోనే." అప్పుడు అందరూ అవునవునన్నారు. ఇప్పుడు ఆ మాటను దొరబాబు మేనేజరు దాకా మోశాడు. ప్రయోగం చెడగొట్టాలని ఐజాక్ కావాలనే బ్రేకు తట్టి వదులుతున్నాడని యార్డంతా పాకింది. దొరబాబు విరిగిన పన్ను చూపించి, "ఆయనకేమండీ, ముందుంటాడు. చచ్చేది మేం" అన్నాడు.

యుగంధర్ ఐజాక్‌ను పిలిపించుకుని కుర్చీ చూపించలేదు. "వారం రోజులు మీరు రెండో బండిలో కూర్చోండి. ముందు బండి శ్యాంబాబు నడుపుతాడు" అన్నాడు.

ఆ వారం ఏమీ జరగలేదు. ఒక్క కుదుపు కూడా లేదు. ఐజాక్ రెండో లారీలో చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చుని, ఎప్పుడు స్క్రీను ఎర్రబడుతుందా అని ఎదురుచూశాడు. అలా ఎదురుచూస్తున్నందుకు తన మీద తనకే అసహ్యం వేసింది. వారం అయ్యేసరికి ఎవరికీ ఇంకే సందేహమూ మిగల్లేదు. ఐజాక్ ఉంటే బ్రేకు పడుతుంది, లేకపోతే పడదు.

ఆ శనివారం శ్యాంబాబు క్యారేజీ తీసుకుని వెళ్ళి వాచ్‌మన్ గది పక్కన ఒక్కడే కూర్చుని తిన్నాడు. ఐజాక్ దగ్గరికి వెళ్ళి నిలబడ్డాడు.

"నువ్వు కూడా అనుకుంటున్నావా?"

శ్యాంబాబు ముద్ద నోట్లో పెట్టుకోబోయి ఆగాడు. "నాకు ఇద్దరు పిల్లలన్నయ్యా. నీ వెనక పదిహేను మీటర్లలో నేనున్నాను. నువ్వు కాదని నాకు గట్టిగా తెలియాలి కదా. తెలియట్లేదు."

అందులో ఐజాక్ తప్పుపట్టడానికేమీ లేదు. తనైనా అదే అనేవాడు. అందుకే అది అంత లోతుగా దిగింది.

ఇంటికి వెళ్ళాక ఐజాక్ కూడా అనుమానించడం మొదలుపెట్టాడు. ముందు శ్యాంబాబునే అనుమానించాడు. ముందు బండికి వెళ్ళడానికి వీడే ఏదో చేశాడా? తర్వాత దొరబాబును. తర్వాత యుగంధర్‌ను. ఆశాజ్యోతిని కూడా వదల్లేదు. ఏసమ్మ అన్నం వడ్డిస్తూ, "ఎవరు మిగిలారండీ ఇంకా?" అని అడిగింది.

రేడియో మాట మూడు వందల మీటర్లు దాటి పోదని ఆశాజ్యోతి ఎప్పుడో చెప్పింది. అంటే ఎవడో దొంగ ముద్రతో దగ్గరినుంచే పంపుతున్నాడు. ఐజాక్ రెండు ఘటనలనూ కళ్ళముందుకు తెచ్చుకుని రోడ్డంతా వెతికాడు. గండేపల్లి దగ్గర రోడ్డు వారగా తెల్లటి వ్యాను ఒకటి ఆగి ఉంది. కత్తిపూడి దగ్గర కూడా తెల్లటి వ్యానే. దాని మీద అన్నవరం వ్రతాలకు వంట చేసేవాళ్ళ బోర్డు ఉంది. వ్యానులో వంటే ఉంటుందని ఎవరు చూశారు?

మరుసటి గురువారం సెలవు పెట్టి మోటారు సైకిలు మీద అన్నవరం వెళ్ళాడు. కొండ కింద సత్రం ముందు ఆ వ్యాను కనిపించింది. వెనక తలుపులకు లోపలినుంచి పరదా వేసి ఉంది. ఐజాక్ ఇంకేమీ ఆలోచించలేదు. తలుపు లాగి తెరిచి పరదా పక్కకు తోసి, లోపలున్న గుండిగల మూతలు ఒక్కొక్కటే ఎత్తాడు. పులిహోర, చక్రపొంగలి, వంకాయ కూర. వ్యాను యజమాని గణేష్‌బాబు అరుస్తూ వచ్చాడు.

"ఎవరండీ మీరు? ఏం చేస్తున్నారు?"

"ఇందులో ఏ మిషను పెట్టావో చూపించు. రేడియో మిషను ఎక్కడుంది?"

జనం మూగారు. వ్రతానికి వచ్చిన కుటుంబం పెద్దాయన, ఎవరో తెలియని మనిషి మూతలెత్తి చేతులు పెట్టిన వంట తమకొద్దన్నాడు. గణేష్‌బాబు ఎంత బతిమాలినా వినలేదు. అరవై మంది భోజనం అలాగే ఉండిపోయింది. గణేష్‌బాబు కోప్పడలేదు. వ్యాను మెట్టు మీద కూర్చుని, "పన్నెండేళ్ళుగా ఈ కొండ కింద వడ్డిస్తున్నానండి. నా వంట ఇంతవరకూ ఎవరూ వద్దనలేదు" అన్నాడు.

పోలీసులు వచ్చి ఐజాక్ పేరు రాసుకుని వదిలేశారు. ఇంటికి వచ్చేదాకా అతనికి దారి కనిపించలేదు. తనను ఏ రుజువూ లేకుండా దొంగను చేశారని మూడు వారాలుగా కుమిలిపోతున్నాడు. ఇవాళ తను చేసింది అచ్చంగా అదే.

ఈ సంగతి తెలిసి యుగంధర్ ఐజాక్‌ను తీసేద్దామన్నాడు. అడ్డుపడింది ఆశాజ్యోతే. ఆమెకు ఐజాక్ మీద నమ్మకం ఉండి కాదు. "తీసేస్తే మనకు ఎప్పటికీ తెలియదండి. మళ్ళీ ముందు బండిలో పెడదాం. ఆయన కాళ్ళ దగ్గర కెమెరా పెడదాం" అంది.

ఆ మాట ఐజాక్ ఎదుటే అంది. అతను తల దించి తన కాళ్ళు చూసుకున్నాడు. ముప్ఫై ఏళ్ళు నడిపిన కాళ్ళు.

"పెట్టండమ్మా. రెండు కాళ్ళూ కనపడేలా పెట్టండి" అన్నాడు.

కెమెరా పెట్టారు. క్యాబిన్‌లో పెడల పైన చిన్న ఎర్ర దీపం వెలుగుతూ ఉండేది. చెప్పులు సర్దుకోవాలన్నా సిగ్గేసేది. వెనక శ్యాంబాబు కూడా అప్పటిలా వెనక్కి వాలి కూర్చోవడం మానేశాడు. ఎవరికీ చెప్పకుండా తను ఒక పని పెట్టుకున్నాడు. ఐజాక్ లారీ వెనక బ్రేకు లైట్ల మీదినుంచి కళ్ళు తిప్పేవాడు కాదు. లైట్లు వెలిగిన క్షణాన అన్నయ్యే వేశాడని పట్టుకోవచ్చని అతని ఉద్దేశం. కుడికాలు బ్రేకు మీద ఆనించే ఉంచేవాడు.

ఆరో రోజు, సోమవారం, అన్నవరం కూడలికి ముందు. వేగం యాభైకి తగ్గించి వస్తున్నాడు ఐజాక్. ఎడమ పక్కనుంచి యాత్రికులతో నిండిన ఆటో ఒకటి ఉన్నట్టుండి రోడ్డెక్కింది. ఐజాక్ నిజంగానే, గట్టిగా, బ్రేకు తొక్కాడు.

శ్యాంబాబుకు ఎదురుగా బ్రేకు లైట్లు భగ్గున వెలిగాయి. తన స్క్రీను మాత్రం పచ్చగానే ఉంది. ముందు బండి యాభై, బ్రేకు లేదు అని చూపిస్తోంది. తన లారీ అదే వేగంతో ముందుకు పోతూనే ఉంది. ఏది నిజమో ఆలోచించే వ్యవధి లేదు. కాలు అక్కడే ఉంది కాబట్టి తొక్కేశాడు, స్టీరింగు ఎడమకు తిప్పాడు. ఇసుక బస్తాల బరువుతో లారీ మూలుగుతూ జారి ఆగింది. వెనక దొరబాబు లారీ, శ్యాంబాబు లారీ మాట విని తనంతట తనే ఆగింది. ఆటో డ్రైవరు ఏమీ తెలియకుండా దాటి వెళ్ళిపోయాడు.

ఐజాక్ దిగి వెనక్కి వచ్చి చూశాడు. తన లారీ మూలకూ శ్యాంబాబు లారీ ముక్కుకూ మధ్య రెండు మూరల ఎడం ఉంది. శ్యాంబాబు క్యాబిన్‌లోంచి దిగలేకపోయాడు. స్టీరింగు మీద తల పెట్టుకుని ఉన్నాడు.

"చెప్పలేదన్నయ్యా" అన్నాడు చివరికి. "నీ బండి నాకు చెప్పలేదు. నీ లైట్లు నేను చూశాను. నువ్వు వేశావు. అది వెయ్యలేదంది."

ఆ మధ్యాహ్నం యార్డులో రెండు తెరలు పక్కపక్కన పెట్టి చూశారు. ఒకదాని మీద ఐజాక్ కాలు, బ్రేకు పెడలును నేలదాకా తొక్కి పట్టుకుని ఉంది. రెండో తెర మీద, అదే క్షణానికి, మొదటి లారీ బ్రేకు వెయ్యలేదన్న సందేశం, దాని మీద మొదటి లారీ ముద్ర. ఆశాజ్యోతి రెండింటినీ మళ్ళీ మొదటినుంచి నడిపి చూసింది. ఐజాక్‌ను పట్టుకోవడానికి పెట్టిన కెమెరా అది.

"వెయ్యనప్పుడు వేశానంది, వేసినప్పుడు వెయ్యలేదంది" అందామె. "అబద్ధం మధ్యలో ఉంది. ఐజాక్ గారూ, మీ బండి చుట్టూ కాదు. మీ బండి లోపలే."

హైదరాబాదునుంచి ఇద్దరు మనుషులను రప్పించారు. కంప్యూటర్లలోకి దొంగచాటుగా చొరబడేవాళ్ళను పట్టుకోవడమే వాళ్ళ పని. రెండు రోజులు లారీ విప్పి చూశారు. మూడో రోజు ఐజాక్‌ను క్యాబిన్‌లో కూర్చోమని, రెండు కాళ్ళూ సీటు మీద పెట్టుకోమన్నారు. వాళ్ళలో ఒకతను దూరంగా రేకుల షెడ్డులో, ప్లాస్టిక్ కుర్చీలో, ఒళ్ళో లాప్‌టాప్ పెట్టుకుని కూర్చున్నాడు. ఏదో నొక్కాడు. వెనక నిలబెట్టిన శ్యాంబాబు లారీలో స్క్రీను ఎర్రబడింది. ముందు బండి గట్టి బ్రేకు.

ఐజాక్ తన కాళ్ళ వంక చూసుకున్నాడు. బాసింపట్టు వేసుకుని సీటు మీదే ఉన్నాయి. నెలన్నరగా తన పక్కన ఇంకెవడో కనపడకుండా కూర్చుని ఉన్నట్టనిపించింది.

దారి ఆ నల్లపెట్టె. ట్రాకరు. దానికి బ్రేకుతో సంబంధం లేదని యుగంధర్ చెప్పింది అతను నమ్మి చెప్పిందే. కానీ దాన్ని బిగించిన కాంట్రాక్టరు మనుషులు, సులువుగా ఉంటుందని, బ్రేకు, ఇంజను మాట్లాడుకునే తీగకే దాన్ని కలిపేశారు. పెట్టెలో ఫోను సిమ్ ఉంటుంది. ఆ సిమ్ ద్వారా ఎక్కడినుంచైనా లోపలికి రావచ్చు. రావడానికి పాస్‌వర్డు కావాలి. వందల బండ్లకూ ఒకటే పాస్‌వర్డు, తయారైనప్పుడు పెట్టిందే. ఎవరూ మార్చలేదు. లోపలికి వచ్చినవాడు బ్రేకు పడిందనో, పడలేదనో తీగ మీద చెబితే, లారీ అది నిజమనుకుని తన ముద్ర వేసి మరీ పంపింది. వ్యాను అక్కర్లేదు, దగ్గరగా ఉండక్కర్లేదు. ఆ మనిషి ఏ దేశంలోనైనా ఉండొచ్చు.

"మరి నేను నడిపిన వారం ఎందుకు జరగలేదండీ?" అని శ్యాంబాబు అడిగాడు.

హైదరాబాదు మనిషి కాగితాలు తిరగేశాడు. "ఆ వారం ఆ సిమ్‌కు రీచార్జి అయిపోయింది. పని చెయ్యలేదు. అంతే."

శ్యాంబాబు ఐజాక్ వైపు చూడలేకపోయాడు.

పోలీసు కేసు పెట్టారు. ఎవడు చేశాడో తేలలేదు. ఆ పాస్‌వర్డు తెలిసిన ఎవరైనా కావచ్చని, బయట బడాయికి చేసే మూకలు కూడా ఉంటాయని, పోటీ కంపెనీ అయినా కావచ్చని రకరకాలుగా అన్నారు. కాంట్రాక్టరు, ముందు తమ తప్పేం లేదన్నాడు, తర్వాత ఫోను ఎత్తడం మానేశాడు. యుగంధర్ ఒకరోజు ఐజాక్‌ను పిలిచి కుర్చీ వేయించి, "అప్పుడున్న ఆధారాలను బట్టి అలా అనుకోవాల్సి వచ్చిందండి" అన్నాడు. అంతకు మించి ఆయన నోట రాలేదు. దొరబాబు పన్ను కట్టించుకుని వేరే కంపెనీలో ఆయిలు ట్యాంకరు ఎక్కాడు. వెళ్ళేటప్పుడు చెప్పి వెళ్ళలేదు.

ఐజాక్ ఒక ఆదివారం ఆరాధన అయ్యాక పెద్దాపురం బస్సెక్కి గణేష్‌బాబు ఇల్లు వెతుక్కుంటూ వెళ్ళాడు. గుమ్మంలో నిలబడే చెప్పాడు. "నేను పొరబడ్డానండి. మీ నోటికాడ కూడు తీశాను. క్షమించమని అడగడానికొచ్చాను."

"ఆ రోజు చూసినవాళ్ళు ఇద్దరు ముగ్గురు మళ్ళీ పిలవలేదండి. వాళ్ళకు మీరెళ్ళి చెప్పగలరా?" అన్నాడు గణేష్‌బాబు.

"ఎక్కడుంటారో చెప్పండి, వెళ్తాను."

రెండు ఊళ్ళు వెళ్ళి చెప్పాడు కూడా. ఒకచోట విన్నారు. ఇంకోచోట తలుపు తియ్యలేదు.

లారీలు మళ్ళీ రోడ్డెక్కేముందు ఆశాజ్యోతి ఐజాక్‌ను, శ్యాంబాబును కూర్చోబెట్టుకుంది. ట్రాకరును ఆ తీగనుంచి పూర్తిగా తెంపేశామని, ముద్రలు మార్చామని చెప్పింది. ఇంకేమైనా ఉందా అని అడిగింది.

"ఒకటుందమ్మా" అన్నాడు ఐజాక్. "శ్యాం బతికింది ఎలాగ? చెప్పిన మాట వదిలేసి కళ్ళతో చూసిందాన్ని పట్టుకున్నాడు. బండికి కూడా అదే నేర్పండి. మాటొకటి, చూపొకటి అయితే రెండింటినీ నమ్మొద్దని చెప్పండి. మెల్లగా ఎడం పెంచుకుని, డ్రైవరును పిలవమనండి."

ఆశాజ్యోతి రాసుకుంది. రాడారును మళ్ళీ సరిచేసి అలాగే పెట్టడానికి వాళ్ళకు రెండు నెలలు పట్టింది. రెండూ కలవకపోతే ఏ బండీ గుడ్డిగా పోదు, గుడ్డిగా ఆగదు. లారీల మధ్య ఎడం ఇరవై అయిదు మీటర్లు చేశారు. డీజిలు ఆదా తగ్గిందని పై ఆఫీసు సణిగింది.

ఇప్పుడు ముందు బండి ఐజాక్‌దే. వెనక శ్యాంబాబు, అతని వెనక కొత్తగా వచ్చిన ఫిన్నీ. శ్యాంబాబు క్షమాపణ అడగలేదు, ఐజాక్ అడిగించుకోలేదు. కలిసి తింటున్నారుగానీ మునుపటిలా ఒకే క్యారేజీలో కాదు. ఎవరిది వాళ్ళు తెచ్చుకుని పక్కపక్కన కూర్చుంటారు. "నీ మీద అనుమానం లేకపోతే నీ లైట్ల వంక చూసేవాణ్ణి కాదన్నయ్యా" అన్నాడొకసారి శ్యాంబాబు, పెరుగన్నం కలుపుకుంటూ. "తెలుసురా" అన్నాడు ఐజాక్.

క్యాబిన్లలో వాకీటాకీలు ఉంటాయి, అవసరం పడితే వాడమని. ఐజాక్ వేగం తగ్గించాల్సి వచ్చిన ప్రతిసారీ దాంట్లో నోటితో చెబుతాడు.

"బ్రేకు వేస్తున్నాను."

"చూశానన్నయ్యా" అంటాడు శ్యాంబాబు.

"నేనూ విన్నానండి" అంటాడు ఫిన్నీ.

అది అక్కర్లేదని, బండ్లే మాట్లాడుకుంటాయని ఆఫీసు రెండుసార్లు కాగితం పంపింది. ముగ్గురూ సంతకాలు చేసి ఇచ్చారు. చెప్పుకోవడం మాత్రం మానలేదు.